జిప్సీ నుంచి జిమ్నీకి: కొండదారి బండి కొత్తబడితే పనికి మిగిలేదెంత?

న్యూఢిల్లీ: దేశ రాజధానికి దక్షిణాన, అరావళి రాతినేల మీద విస్తరించిన కాలనీ వసంత్ కుంజ్. ఇక్కడి నెల్సన్ మండేలా మార్గ్‌లో ఖరీదైన మాల్స్ వరుసగా కనిపిస్తాయి. దేశంలో అత్యధికంగా కార్లు విక్రయించే మారుతీ సుజుకీ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఇదే మార్గంలో ఉంది. మూడు దశాబ్దాలకు పైగా సైనికులను, అటవీ సిబ్బందిని, పోలీసులను మోసిన 'జిప్సీ' ఈ సంస్థదే. దాని వారసత్వంతో 2023లో మార్కెట్‌లోకి వచ్చిన 'జిమ్నీ' కూడా ఈ సంస్థదే.

ఈ రెండు బండ్ల మధ్య ఉన్న దూరం ఒక సంస్థకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. కఠినమైన పనుల కోసం పుట్టిన వాహనాన్ని కాలానికి తగ్గట్టు మార్చినప్పుడు, దాని మీద ఆధారపడి పని చేసేవారికి ఏం మిగులుతుందన్న ప్రశ్న ఇందులో ఉంది. మహీంద్రా థార్, బ్రిటన్ ల్యాండ్ రోవర్ డిఫెండర్, జపాన్ ల్యాండ్ క్రూజర్ కూడా ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో సమాధానం చెప్పింది.

పని కోసం పుట్టిన బండి

జిప్సీ మూలాలు జపాన్‌లో ఉన్నాయి. హోప్ మోటార్ అనే చిన్న కంపెనీ రూపొందించిన నాలుగు చక్రాల చోదన వాహనం హక్కులను సుజుకీ కొనుగోలు చేసి, మార్పులతో 1970 ఏప్రిల్‌లో 'ఎల్‌జే10' పేరిట విడుదల చేసింది. దాని ఇంజిన్ సామర్థ్యం 359 సీసీ మాత్రమే. జపాన్‌లో చిన్న వాహనాలకు వర్తించే తక్కువ పన్నుల కొలతల్లో ఇమిడేలా దాన్ని రూపొందించారు. భారీ జీపు కొనలేని, కొన్నా ఇరుకు కొండదారుల్లో నడపలేని వారికి అది అక్కరకొచ్చింది. చిన్న బండి కూడా పెద్ద జీపు పని చేయగలదని నిరూపించడమే దాని విశిష్టత.

1981లో మారుతీ ఉద్యోగ్ ప్రభుత్వ రంగ సంస్థగా ఏర్పడింది. 1983 డిసెంబర్ 14న తొలి మారుతీ 800 కారు గుర్గావ్ కర్మాగారం నుంచి బయటకు వచ్చింది. సరిగ్గా రెండేళ్లకు, 1985 డిసెంబర్‌లో జిప్సీ విడుదలైంది. సుజుకీ రెండో తరం 'ఎస్‌జే410' వాహనంలో పొడవైన రకమే దీనికి ఆధారం. మొదట 970 సీసీ పెట్రోల్ ఇంజిన్, నాలుగు గేర్లు ఉండేవి. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్, ఐదు గేర్లతో 'జిప్సీ కింగ్' వచ్చింది. 2000లో బహుళ ఇంధన ఇంజెక్షన్ విధానంతో దాని శక్తి 80 హార్స్‌పవర్‌కు చేరింది. ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు పెద్దగా మార్పులేమీ లేవు.

భారత సైన్యం 1990ల నుంచి జిప్సీని విస్తృతంగా వాడింది. అప్పటి వరకు ఆ పని జబల్‌పూర్ కర్మాగారంలో తయారైన 'జోంగా'లు, మహీంద్రా జీపులు చేసేవి. వాటితో పోలిస్తే జిప్సీ చాలా తేలిక. సుమారు ఒక టన్ను బరువు మాత్రమే ఉండడంతో ఇసుకలో, మంచులో, బురదలో తొందరగా దిగబడదు. దిగబడినా నలుగురు కలిసి నెట్టి బయటకు తీయవచ్చు. ఢిల్లీ పోలీసుల గస్తీ వాహనంగా, పలు రాష్ట్రాల్లో ప్రముఖుల కాన్వాయ్ వాహనంగా, హిమాలయ ర్యాలీల్లో పోటీదారుల బండిగా జిప్సీ పేరు తెచ్చుకుంది. కార్బెట్, రణథంబోర్ వంటి పులుల అభయారణ్యాల్లో 'జిప్సీ సఫారీ' అనే మాటే స్థిరపడిపోయింది. ఒక కంపెనీ బండి పేరు ఒక పనికే పేరు కావడం అరుదుగా జరుగుతుంది.

'పని మూలాలు' అంటే ఏమిటి?

చతురస్రాకారపు ఒళ్లు, గుండ్రని దీపాలు, వెనుక తగిలించిన అదనపు చక్రం చూడగానే పాత జీపు గుర్తుకొస్తుంది. కానీ పని బండిని పని బండిగా నిలిపేవి కంటికి కనిపించే ఈ గుర్తులు కావు. బండి కింద ఉండే నాలుగైదు ఏర్పాట్లే అసలు ఆధారం.

మొదటిది చట్రం. రెండు పొడవాటి ఉక్కు దూలాలను అడ్డకమ్మీలతో కలిపి నిచ్చెన ఆకారంలో నిర్మించే దీన్ని ల్యాడర్ ఫ్రేమ్ అంటారు. ఇంజిన్, ఇరుసులు, పైనున్న బాడీ అన్నీ దీనికే బిగుస్తాయి. గుంతల దారిలో పుట్టే మెలికను చట్రమే భరిస్తుంది. పైభాగాన్ని తీసివేసి గుడ్డ టాప్ వేసుకున్నా, ట్రాలీగా మార్చుకున్నా బండి బలం తగ్గదు. ఆధునిక కార్లలో ఎక్కువగా ఉండే మోనోకాక్ నిర్మాణంలో బాడీయే చట్రం. అది తేలికగా ఉంటుంది, రోడ్డు మీద స్థిరంగా నడుస్తుంది, ప్రమాదంలో దెబ్బను మెరుగ్గా పీల్చుకుంటుంది. అయితే అవసరానికి తగ్గట్టు కోసి మార్చుకోవడానికి వీలుండదు.

రెండోది ఇరుసు. ఎడమ, కుడి చక్రాలను కలిపే ఇరుసు ఒకే గట్టి గొట్టంలో ఉంటే, ఒక చక్రం బండరాయి మీదికి ఎక్కినప్పుడు రెండోది నేల వైపు ఒత్తుకుంటుంది. చక్రాలు నేలను వదలవు. ఇరుసు మధ్యభాగం నేలకు తగిలే ప్రమాదం కూడా తక్కువ. ఇదే ఇరుసు నున్నటి రహదారి మీద వేగంగా వెళ్లేటప్పుడు కుదుపులు ఇస్తుంది, స్టీరింగ్‌కు ఖచ్చితత్వం తగ్గిస్తుంది. అడవిలో వరమైనది హైవే మీద లోపమవుతుంది.

మూడోది లో రేంజ్ గేరు. గేర్‌బాక్స్ తర్వాత ఉండే ట్రాన్స్‌ఫర్ కేస్ అనే పెట్టె ఇంజిన్ శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచుతుంది. లో రేంజ్ వేసినప్పుడు చక్రాల వేగం బాగా తగ్గి, లాగే బలం అంతకంతా పెరుగుతుంది. ఘాట్ రోడ్డులో లారీ డ్రైవర్ మొదటి గేరుకు దిగడం తెలిసినదే. ఇది అంతకంటే మరో మెట్టు కిందికి దిగడం లాంటిది. నిట్టనిలువు దిగుడులో బ్రేకు తొక్కకుండానే బండి మెల్లగా దిగడానికీ ఇదే సాయపడుతుంది.

మిగిలినవి మూడు: మోయగల బరువు, బాగుచేసుకునే సౌలభ్యం, ధర. జిప్సీ సైన్యంలో 500 కిలోల బరువు మోసే తరగతికి చెందిన వాహనం. వెనుక ఎదురెదురు బల్లల మీద మనుషులు కూర్చోవచ్చు, బల్లలు మడిస్తే సరుకు వేయవచ్చు. దాని 1.3 లీటర్ల ఇంజిన్ మారుతీ ఎస్టీమ్ కారు ఇంజిన్ కుటుంబానికే చెందినది కావడంతో విడిభాగాలు, పని తెలిసిన మెకానిక్‌లు చిన్న పట్టణాల్లో కూడా దొరికేవారు. చివరి రోజుల్లో కూడా దాని షోరూమ్ ధర ఆరు లక్షల రూపాయల పైచిలుకు మాత్రమే.

ఎందుకు ఆగింది?

2019లో సామాన్య కొనుగోలుదారులకు జిప్సీ అమ్మకాలు నిలిచిపోయాయి. గిరాకీ లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఆ ఏడాది వరుసగా అమల్లోకి వచ్చిన భద్రతా నిబంధనలను అందుకోవాలంటే బండిని దాదాపు మళ్లీ మొదటి నుంచి నిర్మించాల్సిన పరిస్థితి ఏర్పడింది. 2019 ఏప్రిల్ నుంచి చక్రాలు జారకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు, జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు హెచ్చరిక, వేగ హెచ్చరిక తప్పనిసరి అయ్యాయి. అక్టోబర్ నుంచి అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లు కూడా ఢీకొట్టే పరీక్షల ప్రమాణాలు పాటించాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ఉద్గార నిబంధనలు మొదలయ్యాయి. 1980ల నాటి రూపకల్పనకు ఇవన్నీ ఒకేసారి ఎదురైన గోడలు.

తెలుగు సినిమా ప్రేక్షకులకు సుపరిచితమైన టాటా సుమో కూడా అదే 2019లో కనుమరుగైంది. 1994లో మొదలై పాతికేళ్లు గ్రామీణ రహదారులను ఏలిన ఆ వాహనానికీ ఇవే నిబంధనలు అడ్డుగా నిలిచాయి.

పాత బండ్ల అభిమానులు ఈ నిబంధనలను శత్రువులుగా చూడడం సహజమే. కానీ అంకెలు మరో సంగతి చెబుతాయి. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. గుడ్డ టాప్ కింద పక్కకు తిరిగిన బల్లల మీద కూర్చున్నవారికి, బండి బోల్తా పడితే రక్షణ దాదాపు ఉండదు. పని కోసం ఎక్కిన కానిస్టేబుల్, అటవీ కాపలాదారు ప్రాణం విహారానికి వెళ్లిన యజమాని ప్రాణం కన్నా తక్కువది కాదు. కాబట్టి ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ వంటివి పని బండికి అక్కరలేని హంగులు అనడం సరికాదు. చట్టం కోరిన మార్పులు వేరు, మార్కెట్ కోరిన మార్పులు వేరు. ఈ రెండింటినీ విడదీసి చూసినప్పుడే అసలు చిత్రం కనిపిస్తుంది.

సైన్యం ఏం చేసింది?

సైన్యం తన అవసరాలను రెండుగా విభజించుకుంది. 2017లో టాటా మోటార్స్‌తో 3,192 సఫారీ స్టార్మ్ వాహనాల కొనుగోలుకు ఒప్పందం కుదిరింది. కనీసం 800 కిలోల బరువు మోయడం, గట్టి పైకప్పు, ఏసీ ఉండడం ఆ తరగతికి పెట్టిన షరతులు. జిప్సీ 500 కిలోల తరగతి వాహనం కాబట్టి ఆ పోటీ స్థాయి వేరు. మరోవైపు ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపుతో, మార్కెట్‌లో అమ్మకాలు ఆగిన తర్వాత కూడా సైన్యానికి జిప్సీల సరఫరా కొనసాగింది. బయట కాలం చెల్లిన బండి అన్న మాట వినిపిస్తున్న సమయంలోనే, ఎత్తైన సరిహద్దు కొండల్లో దానికి సరితూగే తేలికపాటి ప్రత్యామ్నాయం లేదని ఈ కొనుగోళ్లు సూచించాయి.

2023లో మరో ప్రయోగం వెలుగు చూసింది. వసంత్ కుంజ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్న ఐఐటీ ఢిల్లీలోని సైనిక విభాగం, టాడ్‌పోల్ ప్రాజెక్ట్స్ అనే అంకుర సంస్థ కలిసి పాత జిప్సీకి విద్యుత్ మోటారు, బ్యాటరీ అమర్చాయి. ఆ వాహనాన్ని ఢిల్లీలో జరిగిన సైనిక కమాండర్ల సమావేశంలో ప్రదర్శించారు. చట్రం పాతదే, గుండె కొత్తది. ల్యాడర్ ఫ్రేమ్ బండి కావడం వల్లనే అలాంటి మార్పిడి సులువవుతుంది.

జిమ్నీలో ఏం నిలిచింది, ఏం మారింది?

సుజుకీ నాలుగో తరం జిమ్నీ 2018లో జపాన్‌లో విడుదలైంది. దాని మూడు తలుపుల రకాన్ని 2021 జనవరి నుంచి మారుతీ సుజుకీ గురుగ్రామ్‌లో తయారు చేసి ఎగుమతి చేస్తోంది. ఆ రకాన్ని భారత్‌లో విక్రయించలేదు. భారతీయ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఐదు తలుపుల జిమ్నీని రూపొందించి, 2023 జనవరిలో గ్రేటర్ నోయిడా ఆటో ఎక్స్‌పోలో ఆవిష్కరించారు. అదే ఏడాది జూన్ 7న రూ.12.74 లక్షల ప్రారంభ ధరతో అమ్మకాలు మొదలయ్యాయి.

యంత్ర నిర్మాణం చూస్తే సంస్థ వారసత్వాన్ని వదులుకోలేదు. ల్యాడర్ ఫ్రేమ్ ఉంది. ముందు, వెనుక గట్టి ఇరుసులు ఉన్నాయి. లో రేంజ్ గేరు ఉంది. భారత్‌లో అమ్మే ప్రతి జిమ్నీకి నాలుగు చక్రాల చోదనం ఉంటుంది. జిప్సీలోని కమాను కట్టల స్థానంలో కాయిల్ స్ప్రింగులు రావడంతో కుదుపులు తగ్గాయి. ఒక చక్రం గాలిలో తిరిగినప్పుడు దానికి ఎలక్ట్రానిక్ పద్ధతిలో బ్రేకు వేసి, నేలను పట్టుకున్న చక్రానికి బలం మళ్లించే ఏర్పాటు చేశారు. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ వచ్చి చేరాయి. ఇంజిన్ 1.5 లీటర్ల పెట్రోల్. ఎర్టిగా, సియాజ్ కార్లలో వాడిన కుటుంబానికి చెందినదే. అంటే మెకానిక్‌కు పరిచయమైన ఇంజిన్ అన్న పాత సూత్రం కూడా కొనసాగింది.

ఇంతవరకు చూస్తే ఆధునికీకరణ, మూలాలు కలిసి నడిచినట్లే కనిపిస్తుంది. తేడా మరో చోట ఉంది. ఐదు తలుపుల జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు. మనుషులు, సామానుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు 1,545 కిలోలు. అంటే మోయగలిగేది 350 కిలోల లోపే. నలుగురు పెద్దవాళ్లు కూర్చుంటే సామానుకు మిగిలేది స్వల్పం. సీట్లు మడవకుండా ఉంటే వెనుక సామాను స్థలం 208 లీటర్లు. గుడ్డ టాప్, వెనుక బల్లలు, మార్పులు చేసుకునే ఖాళీ పెట్టె వంటి రకాలేవీ లేవు. ధర రెట్టింపయింది.

పన్ను కూడా ఇందులో భాగమే. నాలుగు మీటర్ల లోపు పొడవున్నా, పెట్రోల్ ఇంజిన్ 1,200 సీసీ దాటితే చిన్న కారుకు ఇచ్చే రాయితీ వర్తించదు. విడుదలైనప్పుడు జిమ్నీపై జీఎస్టీ, సెస్ కలిపి 45 శాతం పడింది. 2025 సెప్టెంబర్‌లో అది 40 శాతానికి మారింది. విహారానికి కొనే పట్టణవాసి, వాగు దాటి పొలానికి వెళ్లే రైతు ఒకే పన్ను కట్టాలి. చిన్న బండికి తక్కువ పన్ను అన్న జపాన్ విధానం 1970లో ఈ వాహన వంశానికి ప్రాణం పోసింది. భారత్‌లో పరిస్థితి అందుకు భిన్నంగా ఉంది.

మార్కెట్ ఎవరి వైపు మొగ్గింది?

జిమ్నీకి పోటీగా నిలిచిన మహీంద్రా థార్ కథ ఈ చర్చకు మరో కోణం. స్వాతంత్ర్యానంతర తొలినాళ్లలో విల్లీస్ జీపుల తయారీతో వాహన రంగంలో అడుగుపెట్టిన మహీంద్రా, 2010లో థార్‌ను విడుదల చేసింది. అప్పటి థార్‌లో వెనుక కమాను కట్టలు, పక్కకు తిరిగిన బల్లలు ఉండేవి. 2020లో వచ్చిన రెండో తరంలో కాయిల్ స్ప్రింగులు, గట్టి పైకప్పు, టచ్ స్క్రీన్, ఆటోమేటిక్ గేర్లు చేరాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షలో నాలుగు నక్షత్రాలు సాధించింది. పక్కకు తిరిగిన బల్లలున్న చౌక రకాలను విడుదల సమయంలో ప్రకటించినా, ఆ తర్వాత సంస్థ జాబితా నుంచి తొలగించింది.

2023 జనవరిలో మరో మలుపు చోటుచేసుకుంది. నాలుగు చక్రాల చోదనం లేని, వెనుక చక్రాలతో మాత్రమే నడిచే థార్‌ను రూ.9.99 లక్షల ప్రారంభ ధరకు మహీంద్రా తీసుకొచ్చింది. 2024 ఆగస్టులో ఐదు తలుపుల 'థార్ రాక్స్' విడుదలైంది. అక్టోబర్ 3న బుకింగ్‌లు తెరిచిన తొలి గంటలోనే 1,76,218 మంది పేర్లు నమోదు చేసుకున్నారు.

నాలుగు చక్రాల చోదనాన్ని తప్పనిసరిగా ఉంచిన జిమ్నీ దేశీయ అమ్మకాల్లో వెనుకబడగా, దాన్ని ఐచ్ఛికం చేసిన థార్ ముందుకు దూసుకెళ్లింది. ఎక్కువ మంది కొనుగోలుదారులు కోరుకున్నది కొండ ఎక్కగల శక్తి కన్నా, కొండ ఎక్కగలదనిపించే రూపం, విశాలమైన సీట్లు, డీజిల్ ఇంజిన్ అని ఈ ఫలితం చెబుతోంది. విడుదలైన కొద్ది నెలలకే జిమ్నీపై తగ్గింపులు ప్రకటించాల్సి వచ్చింది. కుటుంబానికి ఇరుకుగా, పనివారికి ఖరీదుగా మారి, స్వదేశంలో అది రెంటికీ చెడ్డ రేవడి అయింది.

అదే బండికి విదేశాల్లో భిన్నమైన ఆదరణ దక్కింది. గురుగ్రామ్‌లో తయారైన ఐదు తలుపుల జిమ్నీని సుజుకీ 2025 జనవరి 30న 'జిమ్నీ నొమాడ్' పేరుతో జపాన్‌లో ప్రవేశపెట్టింది. నెలకు 1,200 బండ్లు అమ్మాలన్నది అప్పటి అంచనా. నాలుగు రోజుల్లోనే సుమారు 50,000 ఆర్డర్లు రావడంతో కొత్త బుకింగ్‌లను తాత్కాలికంగా నిలిపివేశారు. ఇరుకు రోడ్లు, మంచు కురిసే ప్రాంతాలు, చిన్న బండ్ల మీద మక్కువ ఉన్న దేశంలో అదే కొలత బలంగా మారింది. ఇక స్వదేశంలో 2025లో ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం లద్దాఖ్ విధుల కోసం జిమ్నీలను తీసుకుంది. పని కోసం కొనే సంస్థలకు ఆ బండి విలువ ఇంకా ఉందనడానికి అది ఒక సూచన.

ప్రపంచంలో కనిపించే దారులు

పాత పని బండిని ఏం చేయాలన్న ప్రశ్నకు ఇతర దేశాల్లో మూడు సమాధానాలు కనిపిస్తాయి.

పేరు నిలిపి నిర్మాణం మార్చడం మొదటి దారి. 1948లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో మొదలైన ల్యాండ్ రోవర్ వంశం 20 లక్షలకు పైగా వాహనాలను అందించి, 2016 జనవరి 29న పాత డిఫెండర్ తయారీతో ముగిసింది. 2008 నుంచి టాటా మోటార్స్ యాజమాన్యంలో ఉన్న ఆ సంస్థ 2019లో కొత్త డిఫెండర్‌ను ఆవిష్కరించింది. అందులో ల్యాడర్ ఫ్రేమ్ లేదు, గట్టి ఇరుసులు లేవు. అల్యూమినియం మోనోకాక్ నిర్మాణం, స్వతంత్ర సస్పెన్షన్, కంప్యూటర్ నియంత్రణలు వచ్చాయి. దుర్గమమైన దారుల్లో అది పాతదానికి ఏమాత్రం తీసిపోదు. కానీ రైతులు, పశుపోషకులు కొనే ధరలో లేదు. ఆ ఖాళీని చూసి బ్రిటన్‌కు చెందిన ఇనియోస్ సంస్థ ల్యాడర్ ఫ్రేమ్, గట్టి ఇరుసులతో 'గ్రెనేడియర్'ను తయారు చేసింది. అది కూడా చౌక బండి కాలేకపోయింది. పాత యంత్ర నిర్మాణాన్ని కాపాడడం, పాత ధరను కాపాడడం రెండూ ఒకటి కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

రెండో దారి టయోటాది. 1984లో వచ్చిన ల్యాండ్ క్రూజర్ 70 శ్రేణి నేటికీ తయారవుతోంది. ఆస్ట్రేలియా గనుల్లో, ఆఫ్రికాలో సహాయక సంస్థల చేతుల్లో అది పని చేస్తోంది. సౌకర్యం కోరేవారి కోసం టయోటా ల్యాండ్ క్రూజర్ పేరుతోనే వేరే శ్రేణులను నడుపుతోంది. ఒకే బండి మీద రెండు కోరికల భారం మోపకుండా, పని బండిని పని బండిగానే ఉంచింది.

మూడోది ఐరోపాలో జిమ్నీకే ఎదురైన అనుభవం. అక్కడి కార్బన్ ఉద్గార పరిమితుల వల్ల 2020లో ప్రయాణికుల జిమ్నీ అమ్మకాలను ఆపాల్సి వచ్చింది. వెనుక సీట్లు తొలగించి, రెండు సీట్ల సరుకు రవాణా వాహనంగా సుజుకీ దాన్ని మళ్లీ ప్రవేశపెట్టింది. వాణిజ్య వాహనాలకు పరిమితులు వేరుగా ఉండడం దానికి వీలు కల్పించింది. చట్టం విహార వాహనాన్నీ పని వాహనాన్నీ వేరుగా గుర్తిస్తే, కంపెనీ కూడా పని రకాన్ని తయారు చేస్తుందని ఇది చూపింది. ఆ అవకాశమూ ఐరోపాలో కొన్నేళ్లే సాగింది.

పాత బండ్లు ఎన్నాళ్లు?

కొత్తది అందుబాటులో లేదు కాబట్టి పాతదాన్నే బాగుచేసుకుని వాడుకోవచ్చా? రాజధాని ప్రాంతంలో అది సులభం కాదు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో, సుప్రీంకోర్టు 2018 అక్టోబర్‌లో ఇచ్చిన ఆదేశాలతో ఢిల్లీ, పరిసర ప్రాంతాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై ఆంక్షలు మొదలయ్యాయి. వాటి అమలు తీరుపై 2025లో మళ్లీ న్యాయస్థానంలో వాదనలు జరిగాయి. ఇక దేశవ్యాప్తంగా 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించడం లేదు. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు ఉంది. సామాన్యులకు అమ్మిన చివరి జిప్సీలు 2019 నాటివి. పదిహేనేళ్ల లెక్క ప్రకారం 2034 నాటికి వాటికీ గడువు ముగుస్తుంది.

దీని ప్రభావం ఢిల్లీ మాల్స్ వద్ద కాకుండా మారుమూల ప్రాంతాల్లో ఎక్కువగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో బొర్రా గుహలకు సమీపంలోని కటికి జలపాతానికి పర్యాటకులను తీసుకెళ్లేవి జీపులే. మన్యం ఘాట్లలో సంతకు సరుకు, ఆస్పత్రికి రోగులు చేరేది కూడా చాలాచోట్ల పాత జీపుల్లోనే. ఆ డ్రైవర్లకు టచ్ స్క్రీన్ అవసరం లేదు. ఎనిమిది మందిని, రెండు బస్తాలను మోయడం, బురద ఏట్లో ఆగకపోవడం, చెడితే ఊళ్లోనే బాగుపడడం వారికి ముఖ్యం. వారి బండికి వయసు మీరినప్పుడు, అదే పని చేయగల కొత్త బండి వారి అప్పుకు అందే ధరలో మార్కెట్‌లో ఉంటుందా అన్నది తేలాల్సిన విషయం.

ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోరాదు?

జిప్సీ నుంచి జిమ్నీ వరకు సాగిన మార్పును పరిశీలిస్తే, ఆధునికీకరణే మూలాలను చంపిందన్న అభిప్రాయం నిలబడదు. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, శుభ్రమైన ఇంజిన్ రావడం వల్ల ల్యాడర్ ఫ్రేమ్, గట్టి ఇరుసు, లో రేంజ్ పోలేదు. అవి జిమ్నీలో భద్రంగానే ఉన్నాయి. కోల్పోయినవి మోసే బరువు, మార్చుకునే వీలు, అందుబాటు ధర. వాటిని తీసివేయమని ఏ చట్టమూ చెప్పలేదు. పని కోసం కొనేవారి కన్నా సరదా కోసం కొనేవారు ఎక్కువ చెల్లిస్తారన్న లెక్కలో, ఆ లెక్కను సరిదిద్దని పన్నుల విధానంలో అవి జారిపోయాయి.

పరిష్కారం అసాధ్యం కాదు. గురుగ్రామ్‌లో ఇప్పటికే తయారవుతున్న అదే చట్రం మీద, అవే భద్రతా ఏర్పాట్లతో, అలంకారాలు తగ్గించి, స్ప్రింగులు బలపరిచి, వెనుక ఖాళీ పెట్టెతో ఒక పని రకాన్ని రూపొందించడం సాంకేతికంగా పెద్ద సమస్య కాదు. అలాంటి వాహనాన్ని ప్రత్యేక తరగతిగా గుర్తించి పన్ను తగ్గించడం ప్రభుత్వ పరిధిలోని నిర్ణయం. అటవీ శాఖలు, పోలీసు దళాలు, గిరిజన ప్రాంతాల సంస్థలు కలిసి కొనుగోలుకు ముందుకొస్తే కంపెనీకి గిరాకీ కనిపిస్తుంది. టయోటా నలభై ఏళ్లుగా ఒక పని బండిని నిలబెట్టగలిగింది ఇలాంటి సంస్థాగత కొనుగోలుదారుల బలంతోనే.

అంతవరకు పులుల అడవిలో తిరిగే బండిని జనం 'జిప్సీ' అనే పిలుస్తారు. ఆ పేరు మిగలడం ఆనందమే. ఆ పని చేసే బండి కూడా మిగలాలంటే, దాన్ని పనికే కొనుక్కునేవారు తయారీదారుల లెక్కల్లోకి, పన్నుల విధానంలోకి మళ్లీ రావాలి.